వద్దన్న రంగు

సికింద్రాబాద్ బజారులో ఏ బట్టల దుకాణంలో అడిగినా ఫాల్స్ శ్యామలమ్మ ఇంటికి దారి చెప్పేవాళ్ళు. కొలుస్తున్న గుడ్డ చేతిలోంచి దించకుండానే గడ్డం ఎత్తి వెనక గల్లీ వైపు చూపించేవాళ్ళు. ఇప్పుడు అడిగితే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. ఆ గల్లీలో నీలం రేకుల దడి కట్టి ఉంది, దడి వెనక పెద్ద గొయ్యి తవ్వుతున్నారు. శ్యామలమ్మ అల్వాల్‌లో ఉంటోంది. అక్కడ పక్కింటివాళ్ళకు కూడా ఆమె పేరు తెలియదు.

తప్పు ఎవరిదని అడిగితే బజారులో తలకో మాట చెబుతారు. ఆ మాటలు వింటే ఒళ్ళు మండుతుంది. ఎవరికి వాళ్ళు చేతులు దులుపుకున్నవాళ్ళే. జరిగింది మాత్రం ఇది.

శ్యామలమ్మ పుట్టింది బొల్లారంలో. తండ్రి మిలిటరీ వాళ్ళకు యూనిఫారాలు కుట్టే దర్జీ. కుట్టుమిషను చప్పుడుకు నిద్రపోయిన పిల్ల కనుక సూదిలో దారం ఎక్కించడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. పెళ్ళయి తాటిపల్లి వారి ఇంటికి వచ్చింది. అలాగని తాటిపల్లి వారి కోడలేమీ కాదు. ఆ ఇంట్లో కింద రెండు గదుల్లో అద్దెకుండే పప్పుల దుకాణం గుమాస్తాకు భార్య.

ఆ ఇల్లు కట్టించినాయన తాటిపల్లి రాజలింగం. విక్టోరియా రాణి కాలంలో దండులో గుర్రాలకు ఉలవలు, గడ్డి సరఫరా చేసి బాగా గడించాడు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళంతా రాతితో కట్టుకుని పైన సున్నంతో గిలాబు చేయించుకునేవాళ్ళు. ఈయనకు మాత్రం దొరల బంగ్లాల్లాగా ఇటుక కావాలి, ఆ ఇటుక మీద గిలాబు పడకుండా దారినపోయేవాళ్ళందరికీ కనబడాలి. ఎర్రగా కాలిన సన్నపాటి ఇటుకలు, మధ్యలో గీత గీసినట్టు సున్నం, కిటికీల మీద కమానులు, కమానుల మీద పూలు చెక్కినట్టు పోతపోసిన మట్టి పలకలు. ముందు గుమ్మం పైన తన పేరు, వ్యాపారం, కట్టించిన సంవత్సరం తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో నల్ల అక్షరాలతో రాయించుకున్నాడు. గుర్రాలు పోయాయి, దొరలు పోయారు, తాటిపల్లి వారి వాటాలు ముక్కలు ముక్కలయ్యాయి. ఇల్లు మాత్రం అద్దెవాళ్ళతో నిండిపోయి అలాగే నిలబడింది. శ్యామలమ్మ కాపురానికి వచ్చేసరికే ఆ అక్షరాలు సగం చెరిగిపోయి, మసి పట్టి, పావురాల రెట్టల కింద ఎక్కడో ఉండేవి. ఏనాడూ ఎవరూ తలెత్తి చదివిన పాపాన పోలేదు.

ఆమె జీవితాన్ని తిప్పేసిన సంగతి ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే జరిగింది. చూడ్డానికి చాలా చిన్నది. ఒక మధ్యాహ్నం భర్త పెదనాన్న యాప్రాల్ నుంచి వచ్చాడు. అత్త ఇంట్లో లేదు. కొత్తకోడలు కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టనా అని అడిగింది.

"వద్దు బిడ్డా, తినే వచ్చిన. నువ్వేం తక్లీఫ్ పడకు," అన్నాడు పెద్దాయన.

పిల్ల నమ్మింది. మంచినీళ్ళు మాత్రం ఇచ్చి ఊరుకుంది. ఆయన కాసేపు కూర్చుని, కండువా దులుపుకుని లేచాడు. నేరుగా ఇంటికి పోకుండా చుట్టాల ఇళ్ళన్నీ తిరిగి, ఎండన పడి వస్తే గుమాస్తా పెళ్ళాం మెతుకు పెట్టలేదని చెప్పుకుని మరీ పోయాడు. ఆ సాయంత్రం అత్త కోడల్ని నిలబెట్టి కడిగేసింది.

"వద్దంటే వద్దనేనా? పెద్దమనిషి నోరు తెరిచి నాకు పెట్టు అని అడుగుతడా? వద్దనుడు వాళ్ళ మర్యాద, పెట్టుడు మన మర్యాద. గింత సుత తెల్వకుంట ఎట్ల పెంచిండ్రు నిన్ను?"

పెదనాన్న ఆ తర్వాత వాళ్ళింట్లో చెయ్యి కడగలేదు. ఆడపడుచు పెళ్ళికి వచ్చి కూడా అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండా అందరూ చూస్తుండగా వెళ్ళిపోయాడు. చచ్చేదాకా సాధించాడు మహానుభావుడు. ఆ ఒక్క మాటకు శ్యామలమ్మ అత్తింట్లో ఏళ్ళ తరబడి తలెత్తుకోలేకపోయింది. అప్పటినుంచి ఆమె చెవికి వద్దు అనే మాట ఎక్కడం మానేసింది. ఇంటికి వచ్చినవాళ్ళు చాయ్ వద్దంటే పొయ్యి మీద గిన్నె పెట్టేది. కడుపు నిండిందంటే ఇంకో రొట్టె వేసేది. వాళ్ళు నవ్వుతూ తినేవాళ్ళు, ఆమెది అన్నపూర్ణ చెయ్యి అని బజారంతా చెప్పేవాళ్ళు. అత్త చెప్పిందే నిజమని ప్రతిరోజూ రుజువయ్యేది.

భర్త పోయాక చీరలకు ఫాల్స్ కుట్టడం, పీకో చేయడం పెట్టుకుంది. వరండాలో మిషను వేసుకుని, గోడలో ఇటుక పొడి రాలిన సందుల్లో దారం ఉండలు గుచ్చుకునేది. బోర్డు లేదు, ఫోన్ నంబరు చాలామందికి తెలియదు. అక్కర్లేదు కూడా. పొద్దున దుకాణాలు తెరిచేసరికి సంచులు వచ్చి పడేవి, సాయంత్రానికి వెళ్ళిపోయేవి. ఆ వరండా ఉన్నన్నాళ్ళు ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

ఆ వరండాకే ఎసరు వచ్చింది. వాటాదారులందరి తరఫునా భానుప్రకాశ్ వచ్చాడు. రాజలింగం మునిమనవడి కొడుకు. యాప్రాల్‌లో అపార్టుమెంట్లు కట్టిస్తుంటాడు. మంచి మాటకారి, గొంతు పెంచి మాట్లాడటం ఎరగడు. ఆపిల్ పళ్ళు తెచ్చి మిషను పక్కన పెట్టి, అందరం కలిసి అమ్మేస్తున్నామని, ఇల్లు తీసేసి కాంప్లెక్స్ కడతారని చెప్పాడు.

"నీకు అల్వాల్‌ల మంచి పోర్షన్ చూసి పెడతక్కా. నీళ్ళు, లిఫ్టు అన్నీ ఉంటయ్."

"అల్వాల్ దాంక నాకు చీరలెవరు తెచ్చిస్తరయ్యా?" అంది శ్యామలమ్మ.

భానుప్రకాశ్ ఆపిల్ పళ్ళను ఇంకొంచెం ఆమె వైపు జరిపి లేచాడు. ఆ రాత్రి నుంచి ఆమెకు అన్నం సహించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫెయిత్ వచ్చింది. బజారులో అక్క పెళ్ళికి తెల్ల పట్టుచీర కొని ఫాల్ కోసం వచ్చిన పిల్ల. పాత కట్టడాలను బాగుచేసే ఆర్కిటెక్టు దగ్గర పని చేస్తోంది. చీర సంచీ ఇచ్చి వెళ్ళాల్సింది పోయి గల్లీలో నిలబడి ఇంటిని చూస్తూ ఉండిపోయింది. తర్వాత వచ్చి గోడ మీద చెయ్యి వేసింది, జ్వరం ఉందా అని బిడ్డ నుదురు చూసినట్టు.

"ఆంటీ, మీకు తెలుసా, ఇది ఎంత గొప్ప ఇల్లో?"

"ఏం గొప్ప బిడ్డా, వాన వస్తే గదిల బొక్కెనలు పెట్టుకుంటం," అంది శ్యామలమ్మ.

ఫెయిత్ అక్కడే మెట్టు మీద కూర్చుని చెప్పింది. ఇటుకను దాచకుండా బయటికి చూపిస్తూ ఒక వ్యాపారి కట్టించుకున్న ఇల్లు, ఆ కాలంది, తనకు తెలిసి ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదంది. ఇటుక కాలినప్పుడు పైన ఒక పొర గట్టిపడుతుందని, ఇన్ని వానలకు ఆగింది ఆ పొర వల్లేనని అంది. మసి కింద అక్షరాలు చూపించింది. దాణా అమ్ముకునే మనిషి మూడు భాషల్లో పేరు రాయించుకున్నాడంటే ఆనాటి బజారులో ఎవరెవరు తిరిగేవారో ఆ గోడే చెబుతోందంది. ఊరి చరిత్ర రాజుల కోటల్లోనే ఉండదని, ఇలాంటి గోడల్లోనూ ఉంటుందని అంది.

శ్యామలమ్మ అన్నిటికీ తల ఊపింది. ఆమెకు అర్థమైంది ఒక్కటే.

"దీన్ని మీ లెక్కల ఎక్కిస్తే కూలగొట్టనియ్యరా?"

"హెరిటేజ్ లిస్టులో పెడితే ముట్టుకోలేరు ఆంటీ."

ఆ మాటతో శ్యామలమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ రోజే కాగితాల మీద అద్దెవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించింది. ఫెయిత్ కాళ్ళరిగేలా తిరిగి కమిటీవాళ్ళు వచ్చి చూసేందుకు రోజు ఖాయం చేయించింది. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన రోజున శ్యామలమ్మ చాయ్ పెట్టబోతే, నేను చాయ్ తాగను ఆంటీ, వద్దు, అంది. శ్యామలమ్మ పెట్టింది. ఫెయిత్ తాగింది. కప్పు కింద పెట్టి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి చెప్పింది:

"వాళ్ళు వస్తున్నరని మీరేం చేయకండి ఆంటీ. ఏమీ వద్దు. ఇల్లు ఇట్లనే ఉండనీయండి, ప్లీజ్."

"అట్లనే బిడ్డా, అట్లనే," అంది శ్యామలమ్మ, ఖాళీ కప్పు అందుకుంటూ.

ఆ పిల్ల గల్లీ మలుపు తిరిగిందో లేదో, శ్యామలమ్మ నడుముకు కొంగు బిగించింది. అంత పెద్దవాళ్ళు వస్తుంటే ఇల్లు ఈ మసి మొహంతో ఎదురుపడాలా? పెళ్ళిచూపులకు పిల్లను కాటుక కారిన మొహంతో కూర్చోబెడతారా ఎవరైనా? పావురాల రెట్టలు, నాచు, ఎప్పుడో ఎవరో కొట్టిన మేకుల బెజ్జాలు, ఎన్నికలప్పుడు అంటించి వదిలేసిన పోస్టర్ల జిగురు. ఇన్నాళ్ళూ అలవాటై కనిపించనివన్నీ ఆమె కళ్ళకు ఒక్కసారే కనిపించాయి. సిగ్గు ముంచుకొచ్చింది.

వెనక గదిలో నూకయ్య ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి యాప్రాల్ అపార్టుమెంట్లకు లప్పం, రంగులు వేసే మనిషి. అతని భార్య గంగాదేవి కాన్పు కష్టమై ఆసుపత్రిలో పడినప్పుడు పక్కన కూర్చున్నది శ్యామలమ్మే. ఆ కృతజ్ఞత అతనికి కడుపునిండా ఉంది. సంగతి చెబితే కాసేపు తల గోక్కున్నాడు.

"ఆ పాప ఏటీ సెయ్యొద్దంది కదమ్మా?"

"అట్ల అంటరు నూకయ్యా. మనం పరేషాన్ అయితమని అన్నది పాపం, మంచి పిల్ల. చెయ్యొద్దన్నరని ఊకుంటే మనకు ఇజ్జత్ ఉంటదా?"

"అయితే నాకొగ్గీయండి. ఇంటికి ఎల్లిపోయిన వయసు తిరిగొచ్చినట్టు సేసేస్తాను. బేగి అయిపోద్ది," అన్నాడు నూకయ్య.

చేశాడు. పని మానుకుని, కూలి లేకుండా, తిండీ నిద్రా మరిచి చేశాడు. అతనికి తెలిసిన పనంతా, అతనికున్న ప్రేమంతా ఆ గోడ మీద పెట్టాడు. ముందు యాసిడ్ నీళ్ళతో కడిగాడు. నాచు నురగలు కక్కుతూ జారింది. మిగిలిన మసిని గ్రైండరుకు తీగల బ్రష్షు బిగించి గీకాడు. ఎర్రటి దుమ్ము గల్లీ అంతా కమ్మేసింది. సందుల్లో సున్నం వదులైన చోటల్లా తవ్వి సిమెంటు కూరాడు. మట్టి పలకల మీద విరిగిన పూరేకులను లప్పంతో సరిచేశాడు. అద్దెవాళ్ళంతా తలో చెయ్యి వేశారు. చందాలేసుకుని రంగు కొన్నారు, ఇటుక రంగు ఎనామిల్, ఎండకు వెలవనిది, వానకు తుడుచుకుపోనిది. గుమ్మం పైన అక్షరాల దగ్గరికి వచ్చేసరికి నూకయ్య కిందికి చూశాడు.

"ఇదెలగమ్మా? సగం ఉంది, సగం లేదు."

"గీకెయ్యి. మంచిగ కొత్తగ రాయిద్దం," అంది శ్యామలమ్మ.

గీకేశాక గుర్తొచ్చింది, ఉర్దూలో ఏం రాసుందో ఎవరూ చదివించుకోలేదని. తెలుగు, ఇంగ్లీషు పసుపు పచ్చ అక్షరాలతో కొత్తగా రాయించారు. మూడోది ఖాళీగా ఉంటే బాగుండదని అక్కడ ఒక కమలం పువ్వు వేయించారు.

ఆ పని సగంలో ఉండగా భానుప్రకాశ్ వచ్చాడు. ఆపమంటాడేమోనని శ్యామలమ్మ మెట్ల మీదికి వచ్చి నిలబడింది. అతను ఎదురుగా గోడ నీడన నిలబడి, నల్ల కళ్ళద్దాలు తీసి, కింద నుంచి పైదాకా చూశాడు. చూస్తూ చూస్తూ అతని మొహం విప్పారింది.

"ఏందక్కా, ఇంటికి పెళ్ళికళ వచ్చింది?"

"కమిటీవాళ్ళు వస్తున్నరయ్యా," అంది ఆమె, కొంచెం మొండిగా.

"తెలుసు. రానీ, మంచిదే," అన్నాడు. మళ్ళీ పైకి చూశాడు. "పైన ఆ పూలు అట్లనే నల్లగ ఉన్నయ్ చూడు. నిచ్చెన అందుతలేదా? నా సైట్ల పెద్దది ఉన్నది, పంపిస్త."

చెప్పినట్టే పంపించాడు. ఆ పూట ఆటో ట్రాలీలో అల్యూమినియం నిచ్చెన దిగింది. పెద్దింటి బిడ్డ పెద్దింటి బిడ్డే, ఎంత తగాదా ఉన్నా మనసు మంచిదని శ్యామలమ్మ అందరితో చెప్పింది. ఆ నిచ్చెన ఎక్కే నూకయ్య మిగిలిన పూలన్నీ గీకాడు. భానుప్రకాశ్ ఇళ్ళు కట్టిస్తాడు, ఇళ్ళు పడగొట్టిస్తాడు. ఏది చేస్తే ఏది మిగులుతుందో అతనికి తెలియకపోవడమేమిటి? కడుపులో కత్తి పెట్టుకుని నిచ్చెన పంపే మనుషులుంటారని పాపం ఆమెకు ఎవరు చెప్పారు?

కమిటీ వచ్చిన పొద్దున గల్లీ మెరిసిపోయింది. ముగ్గులు పెట్టారు, మామిడాకులు కట్టారు, కుర్చీలకు తెల్ల దుప్పట్లు పరిచారు. ఇల్లు నిన్ననే కొన్న బొమ్మలా నిగనిగలాడుతోంది. ఇటుకకూ ఇటుకకూ మధ్య నూకయ్య తెల్ల గీతలు గీశాడు, స్కేలు పెట్టినంత తిన్నగా. శ్యామలమ్మ కొత్త చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. తన పెళ్ళినాడు కూడా ఆమె అంత సంతోషంగా లేదు.

వాళ్ళు ముగ్గురు వచ్చారు. ముందు నడుస్తున్న ఫెయిత్ గల్లీ మలుపులోనే ఆగిపోయింది. చేతిలో ఫైలు జారితే వెనకున్న తెల్లగడ్డం పెద్దాయన పట్టుకున్నాడు. ఆయన నెమ్మదిగా గోడ దగ్గరికి వచ్చి, గోటితో ఒకచోట రంగు గీరి చూశాడు. పైకి చూశాడు, కమలం పువ్వు వైపు. తర్వాత ఫెయిత్ వైపు తిరిగి, నువ్వు పంపిన ఫొటోలు ఈ ఇంటివేనా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆ పిల్ల తల ఊపింది. ఆయన మర్యాద తెలిసిన మనిషి, ముఖం చిట్లించను కూడా లేదు. వచ్చినందుకు లోపలంతా ఒక చుట్టు తిరిగాడు.

శ్యామలమ్మ ఉప్మా ప్లేటు తెచ్చింది.

"వద్దమ్మా," అన్నాడాయన.

ఆమె చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు, బాగుందన్నాడు. అంతా సవ్యంగా జరుగుతోందనే ఆమె అనుకుంది, ఆయన ప్లేటు కింద పెట్టి కారెక్కేదాకా. ఫెయిత్ మాత్రం కారెక్కలేదు. వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను చెప్పిన కదా ఆంటీ. ఏమీ చేయొద్దని చెప్పిన కదా."

"అట్ల అందరు అంటరు బిడ్డా," అంది శ్యామలమ్మ.

ఫెయిత్ ఆమె వైపు చూసింది. కోపం ఎక్కడ పెట్టాలో తెలియని చూపు అది. చెప్పడం మొదలుపెట్టింది. ఇటుక మీద గట్టి పొర గ్రైండరుతో పోయింది. ఆ రంగు లోపలి తేమను బయటికి రానివ్వదు, ఇటుక లోపలే కుళ్ళుతుంది. రంగు తీసినా పాత గోడ రాదు. పేరు ఎలాగూ రాదు. వాళ్ళు లిస్టులో దేన్ని పెట్టాలో అదే ఇప్పుడు లేదు.

ఆమె ఇంకా చెబుతూనే ఉంది గానీ శ్యామలమ్మకు అంత వినాల్సిన పని లేకపోయింది. అమ్మమ్మల నాటి పట్టుచీరలు తెచ్చి, పాలిష్ చేయించు శ్యామలమ్మా, కొత్తగా మెరవాలి, అనేవాళ్ళకు తను ఏం చెప్పేదో గుర్తొచ్చింది. వద్దమ్మా, బట్ట చచ్చిపోతుంది, మడతలు విప్పి నీడన ఆరెయ్యి చాలు, అని చెప్పేది. ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. అలా చెప్పిన మనిషే ఈ ఇంటిని చంపుకుంది. మిషను ముందు కూర్చుండిపోయింది.

"ఇంకొంచెం గట్టిగ చెప్తే అయిపోతుండె గదా తల్లీ," అంది చివరికి.

"ఎంత గట్టిగ చెప్పాలె ఆంటీ?" అంది ఫెయిత్. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ రాలేదు. కుట్టి ఉంచిన తెల్ల చీరను కూడా ఎవరినో పంపి తెప్పించుకుంది.

కమిటీ కాగితం వచ్చింది. అసలు రూపం కోల్పోయినందున ఈ కట్టడం పరిశీలనకు అర్హం కాదు. చదివి వినిపించింది భానుప్రకాశే. ఈసారి పళ్ళు తేలేదు, మిఠాయి డబ్బా తెచ్చాడు.

"నాకు నీ మీద ఏ కోపం లేదక్కా. నువ్వు చేసే ప్రయత్నం నువ్వు చేసినవ్."

శ్యామలమ్మ డబ్బా ముట్టుకోలేదు.

"నీకు తెలుసు గదా, రంగేస్తే ఇల్లు పోతదని?"

అతను అబద్ధం చెబుతాడనుకుంది. చెప్పలేదు.

"తెలుసు. కానీ అక్కా, ఆనాడు నేనొచ్చి రంగు వెయ్యకు, వద్దు అంటే, నువ్వు వింటుంటివా?"

నిజమే. వినేది కాదు. ఇల్లు కాపాడుకుంటుంటే కడుపుమంటతో అడ్డొస్తున్నాడని నాలుగు తిట్టి, ఇంకో పూత వేయించేది. అతనికి ఆమె సంగతి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు, అంతటితో ఆగక నిచ్చెన కూడా పంపాడు. నోరారా శాపనార్థాలు పెడదామన్నా మాట రాకుండా చేసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మనిషి మీద ఆమెకు ఎంత కసి ఉందో, తన మీద తనకు అంతకంటే ఎక్కువ ఉంది. అదే ఆమెను తినేస్తోంది, ఇప్పటికీ.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. అద్దెవాళ్ళు తలో దిక్కూ పోయారు. పోతూ పోతూ, హాయిగా ఉన్న ఇంటికి లేనిపోని కమిటీలను పిలిచింది ఈమే అని కొందరు మొహం మీదే అన్నారు. రంగుకు చందా ఇచ్చిన నోళ్ళే అవి. శ్యామలమ్మ మిషను అల్వాల్‌లో మూడో అంతస్తుకు ఎక్కింది. మొదట్లో ఒకరిద్దరు దుకాణాలవాళ్ళు సంచులు పంపారు. తర్వాత బజారులోనే ఎవరో మెషీన్లు పెట్టి అప్పటికప్పుడు చేసిస్తున్నారని తెలిసింది. ఇప్పుడు పక్కవాళ్ళ పిల్లల స్కూలు బట్టలకు గుండీలు కుడుతోంది.

నూకయ్యకు మాత్రం ఆమె అసలు సంగతి చెప్పలేదు. ఎలా చెబుతుంది? కమిటీవాళ్ళకు ఎవరో డబ్బు తినిపించారని అతను నమ్ముతున్నాడు. నమ్మనిచ్చింది. యాప్రాల్‌లో పనికి పోతూ దారిలో ఆగి, ఆమెను చూసి పోతుంటాడు. ఇల్లు కూలుస్తున్నారని తెలిసిన రోజున తనే బండి మీద తీసుకెళ్ళాడు. ఆమె మొదట రానంది. ఎందుకో మళ్ళీ వెళ్ళింది.

గోడలు చాలావరకు దిగిపోయాయి. కూల్చే పని గుత్తకు తీసుకున్న మేస్త్రి ఇటుకలను రెండు చోట్ల వేయిస్తున్నాడు. వెనక గోడవి, పక్క గోడవి, రంగు అంటనివి, ఒక్కొక్కటే చేత్తో తీసి, సున్నం దులిపి, గడ్డి పరిచి లారీలో పేరుస్తున్నారు. ఎక్కడో ఊరి బయట రిసార్టు కడుతున్నారట, పాత ఇటుకే కావాలని పట్టుబట్టారట. ముందు గోడవి మాత్రం పలుగులతో పొడిచి, తట్టలకెత్తి, గుంటలు పూడ్చే ట్రాక్టరులో కుమ్మరిస్తున్నారు.

నూకయ్యకు అది అర్థం కాలేదు. మేస్త్రి దగ్గరికి పోయాడు.

"ఏటయ్యా, మంచియి పారేసి, పాసిపోయినయి లారీకెత్తుతున్నావు?"

"అవి పనికిరావు," అన్నాడు మేస్త్రి. ఎందుకో చెప్పే తీరిక లేక, పనివాళ్ళను కేకేస్తూ అటు వెళ్ళిపోయాడు.

శ్యామలమ్మ తల తిప్పి, గడ్డి పరిచిన లారీ వైపు చూసింది. నూకయ్య కుప్పలోంచి ఒక ముక్క ఏరాడు. భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి, ఎండకు అటూ ఇటూ తిప్పి చూశాడు. రంగు నిగనిగలాడింది.

"ఈడికేటి తెలుసమ్మా. సూడండి, ఇంత ఎత్తు మీంచి పడినా ఎక్కడైనా సెదిరిందేటి? అలగ పట్టుకుంది."

ముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఏమంటుందా అని మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"మంచిగ వేసినవ్ నూకయ్యా," అంది శ్యామలమ్మ. "శాన మంచిగ వేసినవ్."